చెఱువు క్రింది పల్లెలో నీటి పంపకము

ఎల్లారెడ్డి ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినవారు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు. నిజాంసాగరమంతటి జలాశయము ఇంత చేరువనుండగా, ఈ పల్లెల రైతులు బోరుబావులకై అప్పులు చేయుటేల? ప్రశ్న సహజమే. 1923వ సంవత్సరమున మంజీరానదిపై ఆరంభింపబడి, నవాబు అలీ నవాజ్ జంగు గారి ఆధ్వర్యమున 1931 నాటికి పూర్తియైన ఆ ఆనకట్ట మనకు మిక్కిలి సమీపముననే యున్నది. కాని నీరు పల్లమునే వెదకికొనును. దాని కాలువ బాన్సువాడ, బోధను, నిజామాబాదు వైపు దిగిపోవును. మన పొలములలో అధికభాగము దానికి అందనివి. 1922లో పూర్తియైన పోచారము జలాశయము నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలములలో కొంతభూమిని తడుపుచున్నది. తక్కిన పల్లెలకు ఊరిచెఱువే దిక్కు.

అట్టి చిన్నపల్లె యెట్లుండునో మన సభ్యులకు వర్ణించి చెప్పనక్కఱలేదు. కట్టమీద మైసమ్మ, కట్ట నడుమ తూము, ఒక కొనను మత్తడి, లోపల శిఖము, దిగువ ఆయకట్టు. ఆయకట్టులో వరి, మీది చెలకలో మొక్కజొన్న, జొన్న, పెసర, కంది. బతుకమ్మను సాగనంపునదియు ఆ చెఱువులోనే. కమతములు చిన్నవి. 2015-16 వ్యవసాయ గణనమున తెలంగాణములో సగటు కమతము ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరములుగా తేలినది. భూమి చాలని యిండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు, పడుచువారు గల్ఫు దేశములకు పోవుదురు. ఇంటియొద్ద ముసలి తండ్రియు, కోడలును, పిల్లలును మిగులుదురు. అట్టి యింట రాత్రివేళ పొలమునకు పోయి నీరు కట్టువారెవరు? నేటి మన సేద్యపు చిక్కులలో సగము ఈ ప్రశ్నయందే యున్నవని నా తలంపు.

పూర్వము దీనికి పల్లెయే యొక యేర్పాటు చేసికొనియుండెను. నీరు కట్టుట ప్రతి రైతు పనియు కాదు. అది నీరడి పని. తూము తెఱచుట, మూయుట, కాలువల వెంట తిరిగి మడిమడికిని నీరందించుట, వానకాలమున కట్టపై కావలియుండుట ఇవన్నియు అతనివి. ఇందులకు కొంత ఇనాము భూమియు, కల్లములలో ధాన్యమును ముట్టెడివి. ఊరిలో తక్కువగా చూడబడిన కులమువాడైనను, నీటి విషయమున పెద్దరైతు సహితము అతని మాట వినవలసినదే. ఈ చిత్రమును పాఠకులు గమనింపవలెను. అతనికి తన మడి, పరుల మడి యను భేదము లేకుండుటయే ఆ గౌరవమునకు హేతువు.

చెఱువు నిండని యేట తైబందీ అను కట్టుబాటు గలదు. యాసంగికి ముందు ఊరివారు కట్టపై కూడి, చెఱువులోని నీటిని చూచి, ఇన్ని యెకరములకు మాత్రమే నీరు పాఱునని నిర్ణయించుకొందురు. మిగిలిన మళ్లు బీడుపడును. నీరు లేనప్పుడు ఎవరెంత మానుకొనవలెనో నాట్లకు ముందే తేల్చుకొనుట ఇందలి విశేషము. పైరు పొట్టకు వచ్చిన పిమ్మట జరుగు జగడముకంటె ఇది యెంతో మేలు. నీరడి కొలువు క్రమముగా గ్రామ రెవెన్యూ సహాయకుల ఉద్యోగములో కలిసిపోయెను. 2023లో ఆ సహాయకులను ఇతర శాఖలలోనికి మార్చిరి. కొన్ని యూళ్లలో రైతులు తామే ధాన్యమిచ్చి నీరడిని నిలుపుకొనుచున్నారు. అది వారి తెలివి.

చెఱువునకు తోడుగా వెనుక మోటబావులుండెడివి. ఎద్దులు లాగిన నీరెంత, అంతియే సేద్యము. ఎద్దులు అలసినచో బావియు విశ్రమించెడిది. తరువాత కరెంటు మోటారులు వచ్చెను, బావులు ఎండెను, బోరులు దిగెను. మన నేల క్రింద నున్నది నల్లరాయి. నీరు దాని పగుళ్లలో మాత్రమే నిలుచును. ఒక రైతు బోరును, ప్రక్కవాని బోరును ఒకే పగులునుండి నీరు త్రాగవచ్చును. అతడు నూఱడుగులు లోతునకు పోయిన ఇతడు నూటయేబది పోవలెను. ఇందులో ఇద్దరును గెలువరు. గెలుచునది బోరుబండి యజమాని.

2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను గాని, కరెంటు వంతులవారీగా, పలుమారు రాత్రులందు వచ్చెడిది. చీకటిలో మోటారు మీట నొక్కబోయి పాముకాటునకో, కరెంటుదెబ్బకో బలియైన రైతులు ఎందఱో గలరు.

ఇట్టి రాత్రినీటి బాధ మనకే కలిగినది కాదు. సముద్రమునకు ఆవలనున్న జావా దీవిలోను వరియే ప్రధానము. అచ్చటి రైతులలో చాలమందికి అరహెక్టారు భూమియైనను లేదు. ఆ పల్లెలలో నీరు పంచు గ్రామోద్యోగిని ‘ఊలూఊలూ’ అందురు. మన నీరడికివలెనే అతనికిని జీతమునకు బదులు కొంత భూమి నిచ్చు ఆచారముండెను. డచ్చివారు 1830 మొదలు ఆ పల్లెల భూమిలో అయిదవ వంతున చెఱకు, నీలి మొదలగు ఎగుమతి పైరులను వేయవలెనని నిర్బంధించిరి. తరువాతి కాలమున చక్కెర మిల్లులు బలపడగా, పగటినీరు మిల్లుల చెఱకునకును, రాత్రినీరు రైతుల పైరులకును అని యేర్పఱచిరి. నీటిని పంచు అధికారము ఊరి చేయి దాటిపోయినచో, చిన్నరైతు వంతునకు రాత్రియే మిగులును.

2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు నిచ్చుటతో ఆ రాత్రిబాధ చాలవఱకు తీఱెను. ఇది గొప్ప మేలు. కాదనువాడు పొలము తెలియనివాడు. కాని వెనుకటి రోజులలో కరెంటు వచ్చినంతనే మోటారు తనంత తానే తిరుగుటకై పెట్టుకొన్న ఆటోస్టార్టరులు అట్లే నిలిచిపోయినవి. వానిని తీసివేయుడని ప్రభుత్వమువారు కోరిరి. కొందఱు తీసిరి, పెక్కుమంది తీయలేదు. గల్ఫులో కొడుకున్న ముసలితండ్రి యేమి చేయును? అతనికి ఆటోస్టార్టరే నీరడి. కాని ఈ నీరడికి మడి నిండినదియు తెలియదు, ప్రక్కవాని బోరు ఎండినదియు తెలియదు.

లెక్క చూతము. వరికి నాటినది మొదలు కోతవఱకు 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టుననుకొన్నచో, ఎకరమునకు సుమారు 48 లక్షల లీటర్లగును. మొక్కజొన్నకు అందులో సగము చాలును. యాసంగిలో బోరు క్రింద రెండెకరముల వరి నాటు రైతు ఒక యెకరమును మొక్కజొన్నకు మార్చినచో, నాలుగింట ఒకవంతు నీరు మిగిలినట్లే. వరినే వేయదలచినవారు ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ప్రచారము చేసిన తడియాఱు పద్ధతిని చూడవచ్చును. రంధ్రములు వేసిన గొట్టమును మడిలో పాతి, అందలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినపుడే మరల నీరు పెట్టవలెను. పూతదశయందు మాత్రము మడిలో నీరు నిలువవలెను. దీనికి ఆటోస్టార్టరు పనికిరాదు. చూచు మనిషి కావలెను. నలుగురు రైతులు కలిసి ఒక మనిషిని పెట్టుకొన్నచో ఆ ఖర్చు భరింపరానిది కాదు. పంట పిమ్మట అతనికి ధాన్యము కొలిచి యిచ్చు బాధ్యతను సంఘము వహింపవచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క బోరునకై అప్పు తెచ్చుటకంటె, ఇప్పటికే నీరున్న బోరును పంచుకొను ఒడంబడిక వ్రాయించుకొనుట మేలు.

చెఱువును మఱచితిమేని బోరును ఎండును. పగుళ్లలోనికి నీరు దింపునది చెఱువే. చెఱువుల పునరుద్ధరణమునకు మిషన్ కాకతీయ 2015 మార్చిలో మన సదాశివనగరముననే ఆరంభింపబడెను. 2025 ఆగస్టు నెలాఖరున కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించి వాన కురియగా, పలు చెఱువులకు గండ్లు పడెను. ఎండకైనను వానకైనను కట్టమీద ఒక మనిషి యుండవలెను. మృగశిర కార్తెకు ముందే ప్రతి గ్రామ సభ్యులును తూము తలుపును, మత్తడి ముందరి పొదలను, కట్టలోని ఎలుకబొరియలను చూచుకొనుట మంచిది. ఎండలలో శిఖమున తీయు పూడికమట్టిని ఎఱ్ఱ చెలకలకు తోలుకొనుడు. అది తేమను పట్టియుంచును. నల్లరేగడికి మాత్రము తోలవలదు.