రెండు భాషల ఊరు, ఒక నవల

పాలకుల భాష, ప్రజల భాష అని రెండుగా విడదీసి మాట్లాడటం మన విమర్శకు అలవాటు. ఆ విభజన చాలావరకు నిజమే. కాని అది ఎంతవరకు నిజమో, ఎక్కడ చాలదో తేల్చుకోవడానికి ఫిన్లండ్‌లోని సియుంతియో అనే చిన్న గ్రామీణ మునిసిపాలిటీ మనకు పనికివస్తుంది.

హెల్సింకికి పడమట ఉన్న ఈ ఊరికి రెండు పేర్లు. ఫిన్నిష్‌లో సియుంతియో, స్వీడిష్‌లో షుందెఓ. జనాభా 6,000 ప్రాంతం. వారిలో సుమారు నాలుగోవంతు స్వీడిష్ మాతృభాషగా గలవారు. ఒకప్పుడు ఇక్కడ వారిదే మెజారిటీ.

ఫిన్లండ్ 1809 వరకు స్వీడన్ ఏలుబడిలోనూ, ఆ తర్వాత 1917 వరకు రష్యా జార్ల కిందా ఉంది. ప్రభువులు మారినా కచేరీల్లో, కళాశాలల్లో, పెద్ద ఉద్యోగాల్లో స్వీడిషే చెలామణి అయింది. అత్యధిక సంఖ్యాకులైన రైతుల భాష ఫిన్నిష్. దానికి 20 ఏళ్లలోగా కచేరీల్లో సమానస్థానం ఇవ్వాలని 1863లో రెండవ అలెగ్జాండర్ శాసనం చేశాడు. అయితే స్వీడిష్ మాట్లాడేవారందరూ దొరలు కారు. తీరప్రాంతంలో ఆ భాష మాట్లాడే చేపలవాళ్లు, చిన్న రైతులు తరతరాలుగా ఉన్నారు.

1864లో అలెక్సిస్ కివి అనే యువ రచయిత సియుంతియో చేరాడు. పల్లెటూరి దర్జీ కొడుకు. అసలు ఇంటిపేరు స్టెన్వాల్. చదువంతా స్వీడిష్‌లోనే సాగినా, రాయడానికి తన ప్రజల భాషనే ఎంచుకున్నాడు. పేదరికం, అనారోగ్యం వెంటాడుతున్న ఆ మనిషికి షార్లొట్టా లోన్‌క్విస్ట్ అనే అవివాహిత ఫాన్యుంకర్స్ అనే తన చిన్న ఇంట్లో ఏడేళ్లపాటు నీడనిచ్చింది. విందులకు వంటచేసి బతికే స్త్రీ ఆమె. చుట్టూ స్వీడిష్ వినిపించే ఆ ఇంట్లోనే ఫిన్నిష్ భాషలో తొలి నవలగా పేరొందిన ‘ఏడుగురు అన్నదమ్ములు’ చాలావరకు రూపుదిద్దుకుంది. అక్షరాలు నేర్చుకోలేక, నేర్చుకోక తప్పక, ఊరు విడిచి అడవికి పారిపోయిన ఏడుగురు రైతుబిడ్డల కథ అది.

1870లో ఆ నవల వెలువడగానే దానిపై విరుచుకుపడినవాడు ఆగస్ట్ ఆల్‌క్విస్ట్. ఆయన విశ్వవిద్యాలయంలో ఫిన్నిష్ భాషాచార్యుడు! రైతును మోటుగా, అనాగరికంగా చూపించాడన్నది ఆయన అభియోగం. ఆ విమర్శను ఆయన రాసింది స్వీడిష్ పత్రికలో, స్వీడిష్ భాషలో. నవల గ్రంథరూపంలో బయటికి రావడం 1873 దాకా ఆగింది. కివి 1872 డిసెంబరు 31న మరణించాడు.

ఇక్కడ ఆలోచించవలసింది ఒకటుంది. ప్రజల భాషకు ఆచార్యుడైనవాడు ప్రజల నోటిమాటను భరించలేకపోయాడు. స్వీడిష్ పల్లెలో ఒక వంటమనిషి ఆ నోటిమాటకు అన్నం పెట్టింది. భాషాభిమానం వేరు, ప్రజాభిమానం వేరు. మొదటిది రెండోదానికి హామీ కాదు. ఆల్‌క్విస్ట్‌కు కావలసింది పటంలో బిగించిన రైతు. కివి చూపింది తిట్టుకుంటూ, కొట్టుకుంటూ, చివరికి చదువు నేర్చుకునే రైతు.

ఇవాళ సియుంతియోలో రెండు భాషలకూ చట్టబలం ఉంది. 2004లో అమల్లోకి వచ్చిన భాషాచట్టం ప్రకారం, అల్పసంఖ్యాకుల భాష మాట్లాడేవారు 8 శాతమైనా, 3,000 మందైనా ఉంటే ఆ మునిసిపాలిటీ ద్విభాషా ప్రాంతమవుతుంది. ప్రభుత్వం పదేళ్లకొకసారి దీనిని నిర్ణయిస్తుంది. కార్యాలయాలు రెండు భాషల్లో జవాబివ్వాలి. వీధి ఫలకం మీద మెజారిటీ భాష పైన, రెండోది కింద. కాని జనాభా రిజిస్టరులో మనిషికి ఒక్క మాతృభాషకే చోటు. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష మాట్లాడే ఇంట్లో బిడ్డ ఏదో ఒకవైపు లెక్కకు రావలసిందే.

చట్టం తలలు లెక్కపెడుతుంది. అది అవసరమే, లేకపోతే చిన్న భాష నిలవదు. కాని ఒక భాష ఎవరి బతుకును పలుకుతున్నదో ఆ లెక్కలో తేలదు. దాన్ని తేల్చవలసింది రచయిత. కివి ఆ పనే చేశాడు.