శిక్షణపట్టికలో ఖాళీగడి

పెండ్లిముహూర్తము నిశ్చయమైన యింట నేమి జరుగునో సోదరీమణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. మొదట తేది స్థిరపడును. అటుపిమ్మట వెనుకకు లెక్కింతుము. అప్పడములు, వడియములు ఎండలుండగనే ముగియవలయును. బట్టలు నెల ముందు. పందిరి మూడుదినముల ముందు. పెండ్లియైన మఱునాడు అందఱమును అలసి కూలబడుదుము గాని, ముందే కూలబడిన నెవ్వరును క్షమింపరు. పరుగునకును, ఈతకును, బాడ్మింటనునకును బాలికలను సిద్ధపఱచు శిక్షకుడు చేయునదియు నిదియే. ఆతనికి పోటీదినమే ముహూర్తము. ఆ దినమునుండి వెనుకకు లెక్కించి సంవత్సరమంతటికిని పట్టిక వ్రాసికొనును. ఇప్పు డా పట్టిక కాగితమునుండి కంప్యూటరులోనికిని, అందుండి మన పిల్లల ఫోనులోనికిని వచ్చినది. కావున తల్లులు దానిని చదువ నేర్చుట యవసరమైనది.

ఈ పద్ధతికి శాస్త్రరూపము నిచ్చినవారిలో సోవియట్ దేశపు పండితుడు లెవ్ మత్వేయెవ్ ముఖ్యుడు. 1960 తరువాతి సంవత్సరములలో ఆయన రచనలు వెలువడినవి. పిమ్మట రుమేనియాలో బుట్టిన ట్యూడర్ బొంపా 1983లో ఆంగ్లమున బ్రకటించిన గ్రంథమువలన నిది దేశదేశముల శిక్షకులకు బరిచితమైనది. సంవత్సరమును భాగములుగను, భాగములను వారములుగను విభజింతురు. మొదటి నెలలలో పని యెక్కువ, వేగము తక్కువ. పోటీ సమీపించుకొలది పని తగ్గి వేగము హెచ్చును. మూడువారములు భారము పెంచి నాలవవారము దించుట పెక్కుమంది యలవాటు. కడపటి రెండువారములు దూరమును రమారమి సగమునకు దగ్గించి, వేగమును మాత్రము తగ్గింపకుండుట మేలని 2007లో అనేక పరిశోధనలను గలిపి చూచినవారు తేల్చిరి. పోటీ దగ్గఱపడగా పిల్ల యింత తీఱికగా నున్నదేమని యింటిలోనివారు గొణుగుట కద్దు. అది సోమరితనము కాదు, పట్టికలోని పనియే.

ముహూర్త మొక్కటియే యైన నిది సులభము. మన విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ 2023 సంవత్సరమున 100 మీటర్ల హర్డిల్సు పందెములో జూలైనెలయందు బ్యాంకాకున ఆసియా స్వర్ణపతకమును, ఆగస్టులో చెంగ్డూనగరమున 12.78 సెకండ్ల జాతీయ రికార్డును, అక్టోబరు 1వ తేదీన హాంగ్‌జౌలో ఆసియా క్రీడల రజతమును సంపాదించినది. ఒక్క పెండ్లికే తలక్రిందులగు మనకు, మూడుమాసములలో నిన్ని ముహూర్తము లనిన నెట్లుండునో యూహింపవచ్చును.

ఇట్టి లెక్కలకు కంప్యూటరు తోడ్పడును. దాని వెనుకనున్న యాలోచన కెనడాలో ఎరిక్ బానిస్టరును, ఆయన తోడివారును 1975లో జెప్పినది. ప్రతి యభ్యాసమును శరీరమున రెండు ఖాతాలలో జమయగును. ఒకటి దార్ఢ్యము, అది మెల్లగ బెరిగి మెల్లగ దఱుగును. రెండవది యలసట, అది వెంటనే పెరిగి వెంటనే దిగును. నాటి సత్తువ యీ రెండింటి భేదము. 1999లో అమెరికాలో బుట్టిన ట్రైనింగ్‌పీక్స్ మొదలగు సాధనములు ఈ తలంపునే గీతలుగ జూపుచున్నవి. గంటసేపు నిలుపుకొనగల యత్యధిక వేగముతో ఒక గంట శ్రమించినచో నూఱు మార్కులు. గడచిన 42 దినముల మార్కుల సగటు దార్ఢ్యమనియు, 7 దినముల సగటు అలసట యనియు లెక్క. సగటనగా సమముగ బంచుట కాదు, నిన్నటి పనికి మొన్నటి దానికన్న విలువ యెక్కువ. అలసట గీత దార్ఢ్యమును మించి పోయి చిరకాలము దిగకున్నచో శిక్షకుడు జాగ్రత్తపడవలయును.

గుండెకొట్టుకొనుటను గొలుచు గడియారములు కొనలేనివారికి ఇంతకన్న సులువైన దారి గలదు. కార్ల్ ఫోస్టరను అమెరికను శాస్త్రజ్ఞుడు ప్రచారము చేసిన పద్ధతి యిది. అభ్యాసము ముగిసిన అరగంటకు "ఎంత కష్టముగ నుండెను?" అని పిల్లనడిగి, సున్న మొదలు పదివఱకు నొక యంకె చెప్పించి, దానిని నిమిషములచే హెచ్చింపవలయును. అరువది నిమిషముల పని ఆఱు అంత కష్టమైనచో 360. వారమునకు మొత్తము కూడికొనిన జాలును. ఏడుదినములును ఒకేరీతిగ నుండుటయు మంచిది కాదు. బరువైన దినము, తేలికైన దినము మాఱుచుండవలయును. పాలవాని లెక్క వ్రాయు పుస్తకములోనే యిది వ్రాయవచ్చును. అనేక శిక్షకులకు ఫోనులోని పట్టికయే చాలుచున్నది.

అయితే యిక్కడనే చిక్కున్నది. ఏ యంత్రమైనను దనకు జెప్పినదానినే కూడును.

మా అక్కకూతురు 800 మీటర్ల పందెములో బరుగెత్తును. ప్రతిరాత్రియు ఫోనులో కష్టమెంత, నిద్ర యెంత, నొప్పి యున్నదా యని ప్రశ్నలు వచ్చుచుండెడివి. జట్టునుండి తీసివేయుదురేమో యను భయమున ఆ పిల్ల ఆఱునెలలు అన్నిటికిని 4 అనియే నొక్కినది. బరువు తగ్గిన వేగము హెచ్చునని యెవరో చెప్పగా రాత్రి యన్నము మానినది. నాలుగునెలలు ముట్టు రాలేదు. పిల్లకు బీడ వదలినట్లుండెను. పరుగులాడు పిల్లల కిట్లే యగునని మా అక్కయు నూరకుండెను. డిసెంబరులో మోకాలి క్రింది యెముకకు సన్నని బీట వచ్చినది. ఆ యేటి పోటీలన్నియు బోయినవి. ఆ వారము ఫోనులోని దార్ఢ్యపు గీత మాత్రము అందముగ బైకి బోవుచునే యుండెను.

పనికి దగిన యాహారము లేనప్పుడు శరీరము ఖర్చు తగ్గించుకొనును. ప్రాణము నిలుపుటకు వలసినవి విడువదు. ఋతుక్రమమును ముందుగ విడుచును. దానితో ఈస్ట్రోజెనను రసము తగ్గి, యెముకల బలము సన్నగిల్లును. ఆకలి, ఋతులోపము, ఎముకల బలహీనత యను నీ మూడింటి కూటమిని అమెరికను వైద్యులు 1992లో గుర్తించి పేరు పెట్టిరి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో దీనిని విస్తరించి, గుండె, మనస్సు, ఎదుగుదల కూడ దీనివలన జెడుననియు, మగపిల్లలకును ఇట్టి యాహారలోపము కలుగవచ్చుననియు బ్రకటించినది. మూడునెలలు వరుసగ ముట్టు రాకున్నను, పదునైదేండ్లు నిండినను రజస్వల కాకున్నను వైద్యురాలికి జూపవలయును. పరుగులవలన నాగినది లెమ్మని సరిపెట్టుకొనరాదు.

మన యమ్మమ్మల కాలమున మూల గూర్చుండుటవలన ఏ పిల్లకు ఎన్నడు వచ్చినదో యింటిల్లిపాదికిని దెలిసెడిది. ఆ యాచారము మరల రావలయునని నేను గోరను. కాని నేటి పట్టికలో అన్నిటికిని గడులుండి దీనికి మాత్రము లేకుండుట, ఉన్నను ఖాళీగ మిగులుట యేమి న్యాయము? ఐర్లండుదేశపు సంస్థయొకటి ఫిట్ర్‌వుమన్ అను యాప్‌ను ప్రత్యేకముగ స్త్రీలకే తయారుచేసినది. 2019లో ప్రపంచకప్పు గెలిచిన అమెరికా ఫుట్‌బాల్ స్త్రీలు ఋతుదినములను గుర్తించుచు ఆహారనిద్రలను దానికి దగినట్లు సవరించుకొనిరి. మఱుసటియేడు లండనులోని చెల్సీ స్త్రీలజట్టు గూడ నీ దారినే ద్రొక్కినది.

కొందఱిప్పుడు మఱొకవైపు మితిమీఱి, ఈ దినములలో బరువు లెత్తుము, ఆ దినములలో మానుమని అందఱికిని ఒకే తిథివారపట్టిక అమ్ముచున్నారు. దానికి బలమైన యాధారము లేదు. 2020లో 78 పరిశోధనలను సమీక్షించినవారు, ముట్టు మొదటిదినములలో సత్తువ తగ్గినను అది మిక్కిలి స్వల్పమే యనియు, ఎవరి సంగతి వారికే చూడవలయుననియు వ్రాసిరి. గడి నింపుట పిల్లను మూల గూర్చుండబెట్టుటకు కాదు, రాకుండుటను గనిపెట్టుటకు.

ఈ గడిని ఎవరు చూతురను ప్రశ్నయు నున్నది. శిక్షకుడు పురుషుడైనచో బాలిక సిగ్గుపడును, అది సహజము. ఆతనికి తేదీలతో బనిలేదు. "క్రమముగ నున్నది", "లేదు" అను మాటలు చాలును. తేదీలు పిల్లయొద్దను, తల్లియొద్దను, వైద్యురాలియొద్దను ఉండవచ్చును. ఫోనులో వ్రాసినది ఎక్కడికి బోవునో, జట్టు విడిచినపుడు తుడిచివేయుదురో లేదో ముందే యడుగుట తప్పుకాదు. ఎక్కువ యంకె వ్రాసిన పిల్లను జట్టునుండి తీయనని శిక్షకుని నోట బిల్లల యెదుట జెప్పించుట అన్నిటికన్న ముఖ్యము. ఆ మాట లేనిచో పట్టికలోని యంకెలన్నియు మా పిల్ల నొక్కిన నాలుగులే.

మా అక్కకూతురు మరల బరుగెత్తుచున్నది. అభ్యాసము కాగానే యింటికి వచ్చి పెరుగన్నము తిని మఱి స్నానమునకు బోవును. వంటయింటి గోడమీది క్యాలెండరులో తేదీలకు ఎఱ్ఱచుక్క మా అక్కయే పెట్టును. మొన్న సోమవారము పిల్ల 8 అని నొక్కినది. మంగళవారము శిక్షకుడు పరుగు మాన్పించి ఈతకు బంపెను.