వరి డీఎన్ఏ తునకలను కంప్యూటరుపై జతపరచు విధము

డెల్టా రైతులకు ముంపు క్రొత్త గాదు. అందువలననే 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 వరి వంగడమును చాలమంది ఆదరముతో చేపట్టిరి. మార్టేరు పరిశోధనా స్థానము వారి స్వర్ణ (ఎం.టి.యు. 7029) రకమునకు, ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను పాత రకములోని ముంపును తట్టుకొను గుణమును అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వారు చేర్చగా ఇది ఏర్పడినది. ఇందలి సబ్-1ఎ అను జన్యువు నీట మునిగిన పైరును పొడవు సాగనీయదు. పైరు తన శక్తిని దాచుకొని, నీరు తీసిన పిదప తిరిగి చిగురించును. ఈ రక్షణ సుమారు రెండు వారముల వరకే. అంతకు మించిన ముంపునకు హామీ లేదు.

ఒక ఏడు మా ప్రాంతమందలి ఒక గ్రామములో ఈ వంగడము వేసిన చేలు పదునెనిమిది దినములు నీటిలో నుండి కుళ్లిపోయినవి. విత్తనము అమ్మినది ఆ ఊరి రైతే. "ఇది సబ్-1 కాదు, ఉత్త స్వర్ణ" అని తోటి రైతులు ఫిర్యాదు చేసిరి. ఆ విత్తనపు నమూనాలోని డీఎన్ఏను ఒక ప్రయోగశాలలో వేరొక పరిశీలన కొరకు అంతకు మునుపే చదివించి యుండిరి. ఆ సమాచారము నా చేతికి వచ్చినది. క్రొత్తగా శిక్షణ పొందినవాడను గనుక ఉత్సాహముతో కంప్యూటరు ముందు కూర్చుంటిని. తొమ్మిదవ క్రోమోసోమంతయు వెదకితిని. సబ్-1ఎ కానరాలేదు. "జన్యువు లేదు" అని నివేదిక వ్రాసితిని. అది పైకి వెళ్లియున్నచో ఆ రైతు విత్తన లైసెన్సు పోయెడిది. నేను చేసిన తప్పు తెలియవలెనన్న ముందు ఈ పని ఎట్లు జరుగునో మీరు చూడవలెను.

డీఎన్ఏను చదువు యంత్రము మొదటినుండి చివరివరకు ఒకే పట్టున చదువదు. నూట ఏబది అక్షరముల చొప్పున చిన్న తునకలుగా చదివి ఇచ్చును. వీనినే రీడ్లు అందురు. ఒక పంచాంగము ముప్పది ప్రతులు తెచ్చి, అన్నిటిని ముక్కలుగా చింపి గంపలో కలిపినారనుకొనుడు. చిరుగని ప్రతి యొకటి ఎదుట పెట్టుకొని, ఏ ముక్క ఏ పుటలో ఏ పంక్తికి చెందునో గుర్తించుటయే జతపరచుట. వరి మూల ప్రతి 12 క్రోమోసోములపై సుమారు 37 కోట్ల అక్షరములు. ముప్పది ప్రతులంత చదివినచో ఏడున్నర కోట్ల ముక్కలు తేలును. చేతితో అయ్యెడి పని గాదు.

ఈ పనికి వాడు సాఫ్ట్‌వేరులలో బి.డబ్ల్యు.ఎ. ముఖ్యమైనది. హెంగ్ లీ, రిచర్డ్ డర్బిన్ అను శాస్త్రజ్ఞులు 2009లో దీనిని ప్రకటించిరి. ఫైళ్లను కుదించుటకై బరోస్, వీలర్ అనువారు 1994లో కనిపెట్టిన పద్ధతిని వీరు డీఎన్ఏకు ఉపయోగించిరి. డబ్బు పెట్టి కొననక్కరలేదు, అందరికిని ఉచితమే. ఉబుంటు లినక్సు గల కంప్యూటరు, 8 గిగాబైట్ల మెమరీ, డిస్కులో నూరు గిగాబైట్ల ఖాళీ ఉన్నచో వరి పనికి చాలును. విండోసు వాడువారు దానిలోపలనే లినక్సును నడుపుకొనవచ్చును. టెర్మినలు తెరచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బి.డబ్ల్యు.ఎ. శామ్‌టూల్స్ హైశాట్2 ఫాస్ట్‌క్యూసీ" అని ఆంగ్ల చిన్న అక్షరములతో, చుక్కలు లేకుండ టైపు చేసినచో కావలసినవన్నియు ఒక్క మారే చేరును. ఏ వెర్షను చేరినదో నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఆరు నెలల తరువాత ఎవరైన అడిగినపుడు జ్ఞప్తికి రాదు.

మూల ప్రతిగా సాధారణముగ వాడునది జపాను రకమైన నిప్పన్‌బారె. దీని వరుసను అంతర్జాతీయ బృందము 2005లో ప్రకటించి, 2013లో సవరించినది. ఆ ఫైలును దింపుకొని, ముందు "ఇండెక్స్" అను ఆజ్ఞ నీయవలెను. పుస్తకము చివర పదముల సూచిక కట్టుట వంటిది ఇది. ఒక్కసారి కట్టిన చాలును. అయిదు క్రొత్త ఫైళ్లు ఏర్పడును. పిదప ఫాస్ట్‌క్యూసీతో తునకల నాణ్యత చూడవలెను. అక్షరమునకు 30 గుణము వచ్చినదన్న వేయింట ఒకటి తప్పు. 20 అన్న నూటికి ఒకటి. అటుపై "మెమ్" అను ఆజ్ఞతో మూల ప్రతిని, రెండు తునకల ఫైళ్లను చూపవలెను. వచ్చు ఫలితమును డిస్కుపై అట్లే పోయనీయక, నిలువు గీత గుర్తుతో నేరుగా శామ్‌టూల్సు "సార్ట్"లోనికి పంపుడు. లేనిచో డిస్కు నిండి, తెల్లవారుసరికి పని సగములో నిలిచి యుండును. ఇది నా అనుభవమే.

చివర "ఫ్లాగ్‌స్టాట్" అన్నచో నూటికి ఎన్ని తునకలు జతపడినవో తెలియును. నాకు తొంబదికి మించి జతపడినవి. అది చూచి సంతసించితిని. జతపడని మిగతా వానిని చూడనైన చూడలేదు. నేను పొరబడినది అచ్చటనే.

సబ్-1ఎ జన్యువు నిప్పన్‌బారెలో లేనే లేదు! ఈ జన్యువును గూర్చి 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించినపుడే ఆ సంగతి చెప్పిరి. నిప్పన్‌బారెలో తొమ్మిదవ క్రోమోసోముపై సబ్-1బి, సబ్-1సి మాత్రమే గలవు. చిరుగని ప్రతిలో లేని పుటకు చెందిన ముక్క చేతికి వచ్చిన, పాపము సాఫ్ట్‌వేరు ఏమి చేయును? కొన్నిటిని ప్రక్కన పడవేయును. కొన్నిటిని పోలికగల సబ్-1సి పైననో, సబ్-1బి పైననో అతికించి, నమ్మకము తక్కువని మార్కులు తగ్గించును. బి.డబ్ల్యు.ఎ. మెమ్ ఇచ్చు ఈ మార్కులు 0 నుండి 60 వరకు ఉండును. రెండు మూడు చోట్ల సమానముగ సరిపడు తునకకు సున్న వేయును. నేను ఆ మార్కులనైనను చూడక కానరాని జన్యువును లేదని వ్రాసితిని.

ఒక వృక్ష ప్రజనన శాస్త్రజ్ఞుని సలహాపై అవే గింజలకు మామూలు మార్కరు పరీక్ష చేయించగా సబ్-1ఎ స్పష్టముగ ఉన్నట్లు తేలినది. అప్పుడు ఎఫ్.ఆర్. 13ఎ జన్యువరుసను ప్రజా భాండాగారము నుండి తెచ్చి, మూల ప్రతి ఫైలు చివర పదుమూడవ వరుసగా చేర్చి, మరల ఇండెక్సు కట్టి జతపరచితిని. వదలిపోయిన తునకలు వచ్చి దానిపై చక్కగా పేరుకొన్నవి. "వ్యూ" ఆజ్ఞకు "మైనస్ ఎఫ్ 4" చేర్చినచో జతపడని తునకలను విడిగా తీయవచ్చును. మీరు ఏ నమూనాతో పని చేసినను వానిని చూడక లేవవద్దు. పాత నివేదిక చించివేసి, చేలు నీటిలో నున్న దినములను లెక్కవేసి క్రొత్తది వ్రాసితిని. విత్తనము మంచిదే. పదునెనిమిది దినముల ముంపునకు సబ్-1 కూడ హామీ ఈయజాలదు.

ఇంకొక చిక్కు ఆకుపచ్చదనము వలన వచ్చును. ఆకు నుండి తీసిన డీఎన్ఏలో హరిత రేణువుల డీఎన్ఏ మెండు. దాని పొడవు సుమారు 1 లక్షా 34 వేల అక్షరములే. పదవ క్రోమోసోములో దాని పెద్ద ముక్క ఒకటి ఏనాడో ఇరుకుకొని యున్నది. హరిత రేణువు వరుస మూల ప్రతి ఫైలులో లేకున్న ఆ తునకలన్నియు అచ్చట గుట్టపడి, ఏదో వింత కనిపెట్టినట్లు భ్రమ కల్గించును. దానిని కూడ చేర్చియే ఇండెక్సు కట్టుడు.

ముంపులో ఏ జన్యువు ఎంత పని చేయుచున్నదో తెలియగోరువారు ఆర్ఎన్ఏను చదివించవలెను. జన్యువునందు మధ్య మధ్య విడిచిపెట్టు భాగములుండును. ఆర్ఎన్ఏ తయారగునపుడు అవి తొలగి, అటుకొస ఇటుకొస అతుకుకొనును. అందుచే ఒక తునకలో సగము ఒక పుటది, సగము వేరొక పుటది కావచ్చును. ఇట్టి వానికి బి.డబ్ల్యు.ఎ. తగదు, హైశాట్2 గాని, 2013లో వెలువడిన స్టార్ గాని వాడవలెను. జన్యువుల పట్టిక ఫైలులోను, మూల ప్రతిలోను క్రోమోసోము పేర్లు ఒకే తీరున ఉన్నవో లేదో ముందే చూచుకొనుడు. ఒక చోట "క్రోమ్01" అని, మరొక చోట ఉత్త "1" అని ఉన్నచో లెక్క అంతయు సున్న వచ్చును. నేను రెండు దినములు ఈ సున్నలతోనే కుస్తీ పట్టితిని.

విత్తనము సబ్-1 అవునా కాదా అను ఒక్క ప్రశ్నకు ఇంత శ్రమ పనిలేదు. లేత ఆకు ముక్కలు పంపి మార్కరు పరీక్ష చేయించుకొనిన చాలును, ఖర్చును తక్కువ. పరీక్షకు ఒక్క మొక్క ఆకు గాక, చేను నాలుగు మూలల నుండి, నడుమ నుండి వేరు వేరు మొక్కల ఆకులు కోసి, దేనికి దానిని విడి కవరులో పెట్టి, గుర్తు వ్రాసి పంపుడు.