ఢిల్లీ లేఖ: ఎడమకంటి నీరు

ఢిల్లీ మెట్రోలో పింక్ లైను వెంట ప్రయాణం చేసేవారి చెవిన ఒక తెలుగు ఆడపడుచు పేరు తప్పక పడుతుంది. 2018లో తెరిచిన ఒక స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి పోయే విద్యార్థులు అక్కడే దిగుతారు. ఆమె ఎవరని ఈ రచయిత ఒకనాడు ఇద్దరు ముగ్గురు విద్యార్థులను అడిగి చూశాడు. ఎవరో పెద్ద నాయకురాలై ఉంటారని ఒకరు మర్యాదగా చెప్పారు. మిగిలినవారు నవ్వి ఊరుకున్నారు. రాజ్యాంగ సభలో సభ్యురాలు, 1953లో వెలసిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు, ఆంధ్ర మహిళా సభను తన చేతులతో నిలబెట్టిన మనిషి, చివరకు రైలు ఆగే చోటుగా మిగిలిపోయారా అనిపించింది.

సేవాసంస్థను ఒక జీవితకాలం మోసిన నాయకుని ఋణం సమాజం ఏ విధంగా తీర్చుకోవాలి? శాలువ, సన్మానపత్రం, తపాలాబిళ్ళ, విగ్రహం, నామఫలకం - రాజధానికి తెలిసిన మార్గాలు ఇవే. ఇదే ప్రశ్నను మనసులో పెట్టుకొని ఇటీవల ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్ వెళ్ళడం తటస్థించింది.

ఆరంగ్ మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. విజయనగరం మీదుగా రాయపూర్ పోయే రైలు మహాసముంద్ దాటి మహానది వంతెన ఎక్కుతుంది. ఆవలి ఒడ్డున వచ్చే చిన్న స్టేషనే ఆరంగ్ మహానది. ఊరిలో భాండ్ దేవుల్ అనే ప్రాచీన జైనాలయం ఉన్నది. అయితే ఊరివారు ముందుగా చూపించేది గుడిని కాదు, పేరును. ఆరా అంటే రంపం, అంగ్ అంటే దేహం. మయూరధ్వజుని రాజధాని ఇదేనని వారి నమ్మకం. అక్కడివారు ఆయనను మోరధ్వజ్ అంటారు. చరిత్రకారులు అంగీకరిస్తారా లేదా అన్నది వేరే సంగతి.

పినవీరభద్రుని జైమిని భారతం చదివినవారికీ, పురాణ కాలక్షేపాలలో విన్నవారికీ ఆ కథ తెలిసినదే. శ్రీకృష్ణుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి రాజు దేహంలో సగం కోరుతాడు. భార్య, కుమారుడు రంపం పట్టి కోస్తుండగా రాజు ఎడమ కంట నీరు చిప్పిల్లుతుంది. ఏడుస్తూ ఇచ్చే దానం నాకక్కరలేదని బ్రాహ్మణుడు లేచిపోబోతాడు. అప్పుడు రాజు, నొప్పికి ఏడ్చేవాడినైతే రెండు కళ్ళూ ఏడ్చేవి, కుడిభాగం పరోపకారానికి వినియోగపడుతున్నది, తాను వ్యర్థమైపోతున్నానని ఎడమభాగం దుఃఖిస్తున్నది అంటాడు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రంపం కింద కూర్చున్నది కుమారుడు తామ్రధ్వజుడని చెప్పేవారూ ఉన్నారు. ఏ పాఠం తీసుకున్నా, రంపం మాత్రం ఈ ఊరి పేరులోనే ఉన్నది.

ఈ జిల్లాలోనే, బర్‌బందా అనే పల్లెలో, 1929 అక్టోబరు 6న తులేంద్ర వర్మ జన్మించారు. తండ్రి బడిపంతులు. ఆయన శిక్షణ కోసం వార్ధా వెళ్ళడంతో, బాలుని చిన్నతనం కొంత సేవాగ్రామంలో గాంధీజీ సన్నిధిని గడిచింది. నాగపూర్ విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎస్‌సి. ప్రథమశ్రేణిలో ముగించి, ఐ.ఏ.ఎస్. వ్రాతపరీక్షలో నెగ్గి, మౌఖిక పరీక్షకు మాత్రం ఆ యువకుడు వెళ్ళలేదు. కలెక్టరు కావలసినవాడు కాషాయం కట్టి స్వామి ఆత్మానంద అయ్యాడు.

రాయపూర్‌కు వివేకానందునితో సంబంధం పాతది. బాల్యంలో ఆయన తండ్రితోపాటు సుమారు రెండేళ్ళు అక్కడ నివసించారు. ఆ జ్ఞాపకార్థం 1960 దశకం ఆరంభంలో ఆత్మానంద అక్కడ ఒక ఆశ్రమం నెలకొల్పారు. దానికి వైద్యశాల, గ్రంథాలయం, విద్యార్థి వసతి ఒక్కొక్కటిగా చేరాయి. 1963లో, వివేకానందుని శతజయంతి వేళ, 'వివేక జ్యోతి' అనే హిందీ పత్రిక ఆరంభమైంది. 1968లో బేలూరు మఠం ఈ ఆశ్రమాన్ని తన శాఖగా స్వీకరించింది. ఆయన వాగ్ధాటి వినడానికి ఊళ్ళకు ఊళ్ళు కదలివచ్చేవని నేటికీ వృద్ధులు చెప్పుకుంటారు.

ఆశ్రమం ఉన్నది గాని, అందులో శ్రీరామకృష్ణులకు తగిన మందిరం లేదు. అందుకోసం పైసా పైసా కూడబెట్టారు. 1974లో ఛత్తీస్‌గఢ్‌ను కరవు పట్టుకున్నది. వరి తప్ప మరొకటి ఎరుగని ఆ నేలలో వాన ముఖం చాటేస్తే పల్లెలకు పల్లెలే వలసపోతాయి. ఆత్మానంద మందిర నిధిని కరవు సహాయానికి వెచ్చించారు. దేవుని సొమ్మును మనుష్యులకు ఖర్చు పెట్టవచ్చునా అన్న ప్రశ్నకు వారి గురుపరంపరలో ఏనాడో సమాధానం ఉన్నది. కాని సమాధానం తెలియడం ఒకటి, కూడబెట్టిన సొమ్ము తీసి ఇవ్వడం మరొకటి. మందిరం ఆగింది. మళ్ళీ చందాలు పోగై, 1976లో గాని దానికి ప్రతిష్ఠ జరగలేదు. పార్లమెంటులో ఏ పద్దు కింది సొమ్మును ఆ పద్దుకే ఖర్చు పెట్టాలన్న నియమాన్ని ఇన్నేళ్ళుగా వింటున్న ఈ రచయితకు, పద్దు మార్చడం ఇంత పవిత్రంగా ఉండగలదని ఇక్కడే తెలిసింది.

1985లో ఆయన బస్తర్‌లోని నారాయణపూర్‌లో మరొక ఆశ్రమం తెరిచారు. అబూజ్‌మాడ్ అడవుల గిరిజన బాలలకు అక్కడ చదువు, వసతి, వైద్యం సమకూరాయి. తెలుగు పాఠకులు ఈ పేరు వద్ద ఒక్క క్షణం ఆగక తప్పదు. 2025 మే 21న ఆ అడవులలోనే మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడు నంబాళ్ళ కేశవరావు భద్రతా దళాల కాల్పులలో మరణించాడు. నాలుగు దశాబ్దాల పాటు అబూజ్‌మాడ్ మన పత్రికలలో కనిపించినదంతా తుపాకీ కథగానే. ఒకవైపు తిరుగుబాటు, మరొకవైపు రాజ్యం. రెండింటి నడుమ పలకాబలపం పట్టిన పిల్లవాని గురించి వ్రాసిన మనవారు తక్కువ. కాల్పులు సద్దుమణిగిన చోట ఇక ఏమి కట్టాలి అని నేడు ఢిల్లీ ఆలోచిస్తున్నదంటే, ఆ ఆలోచన 1985లోనే ఒక సన్యాసికి వచ్చిందని గుర్తు చేయవలసి ఉన్నది.

1989 ఆగస్టు 27న భోపాల్ నుండి రాయపూర్ తిరిగివస్తూ, రాజ్‌నంద్‌గావ్ సమీపాన రోడ్డు ప్రమాదంలో స్వామీజీ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇంకా అరవై నిండలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమై నిలిచేసరికి మరి పదకొండేళ్ళు పట్టింది. 2020లో అప్పటి ప్రభుత్వం సర్కారీ ఆంగ్లమాధ్యమ పాఠశాలలకు స్వామి ఆత్మానంద పేరు పెట్టింది. రాష్ట్రమంతటా నేడు ఆ పేరు బడుల గోడలపై కనిపిస్తున్నది.

ఇందులో ఒక వింత లేకపోలేదు. హిందీలో ప్రసంగించి, హిందీలో పత్రిక నడిపిన మనిషి పేరు ఆంగ్లమాధ్యమానికి గుర్తు అయింది. మాధ్యమ వివాదం మనకు కొత్త కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక తరగతులలో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేయబోగా, 2020లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ వాదనలో రెండు పక్షాలకూ బలమున్నది. ఈ రచయితకు అన్నం పెట్టింది ఆంగ్ల పట్టమే. అన్నం తినిపించింది మాత్రం తెలుగు. ఫీజు కట్టలేని తండ్రి తన బిడ్డకు కూడ ఆ ఇంగ్లీషు కావాలని అడిగితే కాదనే నోరు మనకెక్కడిది? స్వామీజీ బ్రతికి ఉంటే ఏమనేవారో చెప్పడానికి మనమెవరం? కాని బిడ్డ ఏ భాషలో చదువుతున్నాడని అడిగే ముందు, అసలు బడికి వస్తున్నాడా, తిన్నాడా అని అడిగి ఉండేవారని ఆయన జీవితం చెబుతున్నది.

పేరు పెట్టడాన్ని ఈ రచయిత నిందించడం లేదు. పేరు లేకపోతే ఆయన ఎవరని అడిగే బాలుడూ ఉండడు. అయితే ప్రభుత్వం పెట్టిన పేరు ప్రభుత్వాల దయాధర్మాలపై ఆధారపడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2023లో ప్రభుత్వం మారింది, మునుముందు మళ్ళీ మారవచ్చు. పథకాల పేర్లు ఎంత సులభంగా మారతాయో రెండు తెలుగు రాష్ట్రాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. రేపు గోడ మీద పేరు చెరిగిపోయినా చెరగనిది ఏదన్నా ఉంటే, సన్మానం అక్కడ వెదకాలి.

దుర్గాబాయమ్మ విషయమూ అంతే. స్టేషను పేరు ఉండవలసిందే. కాని నడివయసులో చదువు తెగిపోయిన ఒక స్త్రీ ఆంధ్ర మహిళా సభ మెట్లెక్కి మెట్రిక్ పరీక్షకు కూర్చున్ననాడు జరిగిన సన్మానం ఏ ఫలకం మీదా పట్టదు. సేవాసంస్థలకు నిజమైన పరీక్ష నాయకుడు పోయిన తరువాత వస్తుంది. భవనాలు పెరుగుతాయి, నిధులు చేరుతాయి, వర్ధంతులు జరుగుతాయి. ఒకనాడు మళ్ళీ కరవు వస్తుంది. ఆనాడు ట్రస్టీలు పెట్టె తెరుస్తారా, మందిరం పద్దు వేరని తాళం వేస్తారా?

సాయంత్రం ఆరంగ్‌లో బడి వదిలారు. పుస్తకాల సంచులు మోసుకొని పిల్లలు మహానది వైపు పల్లెలకు పోతున్నారు. వారిలో కొందరి ఇళ్ళలో చదువుకున్న తొలి తరం వారే అయి ఉంటారు. రంపం కింద కూర్చున్న రాజు ఎడమకంటి నీరు గుర్తుకు వచ్చింది. ఇచ్చినది చాలలేదన్న దుఃఖం అది. స్వామి ఆత్మానంద నడిపిన సంస్థల తలుపుల వెనుక ఆ కంటితడి ఇంకా ఆరకుండా ఉన్నంతకాలం, ఆయనకు వేరే సన్మానసభ అక్కరలేదు.