అంతరిక్షపు పొలిమేరలో అయస్కాంతపు మోకులు

పాలకొల్లు, నరసాపురం ప్రాంతములవారికి తాడు పేనుట ఎట్లో మేము చెప్పనక్కరలేదు. కొబ్బరి పీచును పురులుగా చేసి, ఆ పురులను మరల ఒకదానితో నొకటి మెలివేసినచో, చేతితో తెగిపోవు పీచే పడవను కట్టివేయు మోకు అగుచున్నది. భూమికి సుమారు 65,000 కిలోమీటర్ల దూరమున, సూర్యునికి ఎదురుగా నున్న వైపున, ఇటువంటి మోకులు కొన్ని తయారగుచు జారిపోవుచున్నవి. వానిలో పీచు లేదు. ఉన్నది అయస్కాంత బలము మాత్రమే. కంటికి కనబడని ఆ మోకులను శాస్త్రజ్ఞులు ఎట్లు పసిగట్టిరో ఇక్కడ వివరింతుము.

సూర్యుని నుండి విద్యుత్కణముల గాలి ఎడతెగక వీచుచున్నది. దీనిని సౌరపవనమందురు. వేగము సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. భూమి స్వయముగా ఒక పెద్ద అయస్కాంతమగుటచే ఈ గాలి తిన్నగా మన మీదికి రాలేక పక్కలకు తొలగిపోవును. భూమి బలము చెల్లు ప్రదేశము అయస్కాంతావరణము; సౌరపవనము దానిని ఒరసికొను చోటు దాని పొలిమేర. పాఠశాలలో అయస్కాంతముపై కాగితముంచి ఇనుపరజను చల్లినవారికి బలరేఖలు పరిచితములే. ఆ రేఖలు ఎవరును గీసినవి కావు. దిక్సూచి ముల్లు ఏ చోట ఏ దిక్కు చూపునో తెలుపు గుర్తులు మాత్రమే. ఈ సంగతి మరచినచో తరువాతి కథ తికమక అగును.

సౌరపవనము సూర్యుని అయస్కాంత బలమును కొంత మోసికొని వచ్చును. పగటివైపు పొలిమేరలో భూమి బలరేఖలు ఉత్తరముఖముగా నుండును. వచ్చిన రేఖలు దక్షిణముఖమైనవైనచో, ఎదురెదురు రేఖలు తెగి, వీని కొసలు వానితో అతుకుకొనును. ఈ పునస్సంధానముచే పొలిమేర తెరచుకొనునని 1961లో డంజీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. గోదావరి గట్టుకు గండి పడుట వంటిదే ఇది. ఆ గండిగుండా సౌరపవనపు శక్తి లోనికి చొచ్చును. గండి ఒక్కచోట గాక రెండు మూడు చోట్ల పడినచో, నడుమ చిక్కిన రేఖలు మెలిపడి మోకులగునని 1985లో లీ, ఫూ అనువారు వివరించిరి.

ఇక పసిగట్టుట మాట. 1977 అక్టోబరులో ఐ.ఎస్.ఇ.ఇ. అను జంట ఉపగ్రహములను ఒకే కక్ష్యలో ఒకదాని వెనుక నొకటిగా పంపిరి. వాని అయస్కాంతమాపకములు వ్రాసిన గీతలను పరిశీలించుచు రస్సెల్, ఎల్ఫిక్ అనువారు 1978లో ఒక వింతను ప్రకటించిరి. పొలిమేర దగ్గర బలము ఉన్నట్లుండి ఒకసారి వెలుపలి వైపునకు, వెంటనే లోపలి వైపునకు తిరిగి, నిమిషము రెండు నిమిషములలో సర్దుకొనుచున్నది. కాలువలో లాంచీ పోయినప్పుడు ఒడ్డున కట్టిన పడవ పైకి లేచి, క్రిందికి దిగి, మరల నిలుకడ చెందుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. మెలిపడిన మోకు ఉపగ్రహము ప్రక్కగా జరిగిపోయినందున కలిగిన ఊపు అది. మోకు నడిమికి వచ్చినప్పుడు బలము హెచ్చుటయు కద్దు.

ఉపగ్రహము ఒక్కటే యైనచో, మోకు కదలినదో, పొలిమేరయే వెనుకకు ముందుకు ఊగినదో తేల్చుట కష్టము. రెండున్నచో ఊపు మొదటిదానిని తాకిన తరువాత ఎన్ని క్షణములకు రెండవదానిని తాకెనో చూచి వేగము కట్టవచ్చును. వేగము సెకనుకు 200 కిలోమీటర్లై, ఊపు 30 సెకనులు నిలిచినచో, మోకు వెడల్పు 6,000 కిలోమీటర్లు. అనగా ఇంచుమించు భూమి వ్యాసార్ధమంత. 2015 మార్చి 12న అమెరికావారు పంపిన ఎం.ఎం.ఎస్. అను నాలుగు ఉపగ్రహములు ఒక దశలో పరస్పరము 7 కిలోమీటర్ల దాపునకు చేరి ఎగిరినవి. వానివలన కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పు గల చిన్న మోకులును బయటపడినవి.

బుధగ్రహము సంగతి మరింత విడ్డూరము. దాని అయస్కాంత బలము భూమి బలములో నూరవ వంతు మాత్రమే. పైగా సూర్యునికి సమీపము. 2011 ఏప్రిల్ 11న మెసెంజరు నౌక అక్కడ 25 నిమిషములలో 163 మోకులను లెక్కించినది. మన భూమి దగ్గర సగటున ఎనిమిది నిమిషముల కొకటి ఎదురగునందురు.

మన ఆంధ్రదేశమునకును ఇందు పాత్ర కలదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6 నుండి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున సూర్యునివైపు కాపున్నది. దాని అయస్కాంతమాపకములు 6 మీటర్ల చేయిపై అమర్చబడినవి. నౌకలోని విద్యుత్తు కొలతను చెరుపకుండుటకే ఈ ఏర్పాటు. సూర్యుని నుండియే పెద్ద మోకులు విసరబడుట కూడ కలదు. 2024 మేలో వచ్చిన మహా అయస్కాంత తుపానులో అట్టివి రెండు ఢీకొని, ఒకదానిలోని రేఖలే తెగి అతుకుకొనినవనియు, ఆ ప్రదేశము సుమారు 13 లక్షల కిలోమీటర్లున్నదనియు ఆదిత్య, ఎం.ఎం.ఎస్. మొదలగువాని కొలతలను కలిపి చూచి మన శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ తుపానులో పగటివైపు పొలిమేర, మన ఇన్సాట్ వంటి ఉపగ్రహములు తిరుగు 36,000 కిలోమీటర్ల ఎత్తుకన్న లోనికి నెట్టబడినది.

ఇంటిలో రేడియో వినువారికి దీనితో పని లేదనుకొనరాదు. హ్రస్వ తరంగములు దూరదేశముల నుండి మనకు చేరునది పైనున్న అయనావరణముపై బడి మరలుటవలననే. గండిగుండా చొచ్చిన శక్తి ఆ పొరను కలతపెట్టినప్పుడు కేంద్రములు సన్నగిల్లును. పలుమార్లు లోపము రేడియోపెట్టెలోనిదని మనము తలంతుము. దారి చూపు ఉపగ్రహములపై ఆధారపడి సముద్రము మీదికి పోవు నరసాపురపు మరపడవలవారికిని పొరపాటు రావచ్చును. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమంతయు సుమారు 9 గంటలు చీకటిలో నుండుటకు ఇటువంటి తుపానే కారణము.

సౌరపవనము మామూలు వేగమున ఆదిత్యను దాటి పొలిమేర చేరుటకు గంట పట్టును. సెకనుకు 700 కిలోమీటర్ల వేగమున వచ్చినచో ముప్పదియారు నిమిషములే. వచ్చు బలము ఉత్తరముఖమో దక్షిణముఖమో ఆ వ్యవధిలోనే తెలియవలెను.