కారు గుద్దిందా? రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, వారి కుటుంబాలకు సమాచారం

మీరు రోడ్డు పక్కన నడిచి వెళ్తున్నారు. కారు గుద్దింది, కాలు విరిగింది. మర్నాడు ఓనరు తరఫున ఒకరు ఆసుపత్రికి వచ్చి, "కేసు పెడితే ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాలి, ఈ పదిహేను వేలు ఉంచుకో" అంటారు. ఇంట్లో డబ్బుల్లేనప్పుడు ఆ పదిహేను వేలు పెద్దగానే కనిపిస్తాయి. కానీ కారుకు ఇన్సూరెన్సు ఉంటే మీకు పరిహారం కట్టాల్సింది ఇన్సూరెన్సు కంపెనీ. ఓనరు ఏటా థర్డ్ పార్టీ ప్రీమియం కట్టేది ఇందుకే. కాబట్టి ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయకండి.

ఆసుపత్రిలో ఏం చెప్పారన్నది ముఖ్యం

ప్రమాదం జరిగిన వెంటనే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స ఉచితం. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఆ తర్వాతి చికిత్సకు మీకు అర్హత ఉంటే ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ) గురించి అదే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పోలీసు గొడవ ఎందుకని "మెట్ల మీంచి జారిపడ్డాను" అని డాక్టరుకు చెప్పేస్తారు. డాక్టరు అదే రాసుకుంటారు. నాలుగు నెలల తర్వాత పరిహారం అడిగితే, ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఆ ఒక్క కాగితం తీసి చూపిస్తారు. అందుకే "ఫలానా నంబరు కారు గుద్దింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. మందుల బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, ఆటో కిరాయి రసీదుతో సహా అన్నీ ఒక సంచిలో దాచండి.

పోలీస్ స్టేషన్‌లో

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఫిర్యాదు ఇచ్చినవారికి కాపీ ఉచితంగా ఇవ్వాలి. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్సు కంపెనీకి పంపాలన్నది రూలు. పంపారా లేదా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా.

డ్రైవరు మీద నడిచే క్రిమినల్ కేసు వేరు, మీ పరిహారం కేసు వేరు. మొదటిది ఎటు పోయినా రెండోది మీ హక్కు. మిమ్మల్ని ఆసుపత్రికి తెచ్చిన మంచి మనిషిని మాత్రం సాక్ష్యం కోసం బలవంతపెట్టకండి. పేరు చెప్పాలా వద్దా అన్నది చట్టం వారి ఇష్టానికే వదిలేసింది.

పరిహారం ఎలా లెక్క కడతారు?

అన్నిటికంటే తక్కువగా తెలిసిన సంగతి ఇదే. 38 ఏళ్ళ తాపీ మేస్త్రీ ఉన్నారనుకుందాం. నెలకు రూ.12,000 సంపాదన. కాలు సరిగా అతక్క, పని చేసే శక్తి 40 శాతం పోయిందని ట్రిబ్యునల్ తేల్చింది. 40 ఏళ్ళలోపు వయసు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద మరో 40 శాతం కలుపుతారు. అంటే నెలకు రూ.16,800, ఏడాదికి రూ.2,01,600. ఆ వయసుకు సుప్రీంకోర్టు చెప్పిన గుణకం 15. మొత్తం రూ.30,24,000. అందులో 40 శాతం రూ.12,09,600. వైద్యం ఖర్చు, నొప్పికి బాధకు ఇచ్చేది దీనికి అదనం. పదిహేను వేలెక్కడ, ఇదెక్కడ!

డాక్టరు సర్టిఫికెట్‌లోని అంగవైకల్యం శాతమే నేరుగా లెక్కలోకి రాదు. అదే గాయం గుమాస్తాకు తక్కువ నష్టం, మేస్త్రీకి ఎక్కువ నష్టం. కాబట్టి మీరు చేసే పనేంటో, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో వివరంగా చెప్పండి. జీతం రసీదు లేకపోయినా కేసు వేయవచ్చు. ఇంటిపని చేసే ఆడవాళ్ళ శ్రమకూ కోర్టులు విలువ కడతాయి.

తప్పు ఎవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు, మరణానికి రూ.5 లక్షలు తీసుకునే దారీ ఉంది. అయితే అది తీసుకుంటే పైన చెప్పిన పెద్ద కేసు ఆగిపోతుంది. లాయరును అడిగాకే నిర్ణయించుకోండి.

గుద్ది పారిపోతే

వాహనం దొరక్కపోతే తీవ్ర గాయానికి రూ.50,000, మరణానికి రూ.2 లక్షలు వస్తాయి. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి.

మీ బ్యాంకు పాస్‌బుక్ కూడా ఒకసారి చూడండి. మే నెల చివర్లో రూ.20 కట్ అయి ఉంటే మీకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టే. ఒక కాలు లేదా చెయ్యి శాశ్వతంగా పోతే రూ.1 లక్ష, మరణిస్తే రూ.2 లక్షలు. ఇది ట్రిబ్యునల్ పరిహారానికి సంబంధం లేని వేరే డబ్బు.

కూలికి వెళ్ళేవారికి ఒక మాట. ట్రాలీ ఆటో, లారీ సరుకు బండ్లు. వాటిలో ఊరికే ఎక్కి ప్రయాణిస్తే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అప్పుడు ఓనరు నుంచే రాబట్టుకోవాలి. అది ఎంత కష్టమో మీకు తెలుసు.

గడువు, లాయరు

ప్రమాదం జరిగిన తేదీ నుంచి 6 నెలల్లోపు కేసు వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. గడువు దాటిందని ఎవరైనా చెబితే అక్కడితో వదిలేయకండి, న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పిల్లలకు, కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి లాయరు ఉచితం. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. "వచ్చినదాంట్లో సగం నాకు" అనే ఏజెంటు అక్కర్లేదు. లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తేలుతుంది గానీ, అక్కడ ఒప్పుకున్న మొత్తంపై అప్పీలు ఉండదు. అంకె సరిపోతేనే సంతకం చేయండి.

డబ్బు మీ పేరున ఉన్న ఖాతాలోకే వస్తుంది. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ కాగితం ఎవరికీ ఇవ్వకండి.