పంచుకొనెడి లంకెలు - వాని పరీక్ష

అంతర్జాలమున ఒక పుటనుండి వేఱొక పుటకు దారి చూపెడి చిరునామాను లంకె యందురు; వాడుకలో లింకు అను మాటయే ఎక్కువ ప్రచారమున నున్నది. లంకె స్వయముగా హాని చేయదు. అది తెరపై కనబడు ఒక పంక్తి మాత్రమే. దానిని నొక్కినవాని యంత్రము ఏ సర్వరును చేరునో, ఆ సర్వరు తిరిగి ఏమి పంపునో, మేలుకీడులన్నియు అక్కడ నున్నవి. నొక్కుటకు ముందు ఆ సంగతి తెలిసికొను మార్గము సామాన్యునకు లేదు. కావున అతడు లంకెను పరికింపడు. దానిని పంపినవానిని చూచును. మేనమామ పంపినాడనియో, సంఘపు కార్యదర్శి పంపినాడనియో నమ్మి నొక్కును. సామాజిక మాధ్యమములలో చొరబడిన మోసగాండ్రు ఈ నమ్మకమునే పెట్టుబడిగా గ్రహించిరి. ఆ మాధ్యమములు వైరసు నిరోధక సంస్థలతో పొత్తు కలిపికొని, పంచుకొనెడి లంకెలను పరీక్షింపబూనుటకు మూలకారణ మిదియే.

2008లో బయలుదేరిన కూబ్‌ఫేస్ అను పురుగు ఇందుకు మంచి నిదర్శనము. ఫేస్‌బుక్ అను పేరును తాఱుమాఱు చేయగా వచ్చిన పేరది. వాడుకరికి తన స్నేహితుని ఖాతానుండి ఒక సందేశము వచ్చును. అందు ఫలానా వీడియో చూడుమని యుండును. లంకెను నొక్కగా, వీడియో కనబడవలెనన్న ఫ్లాష్ ప్లేయరును క్రొత్తదిగా మార్చుకొనవలెనని చెప్పెడి పుట తెఱచుకొనును. సరే యన్నచో యంత్రములో దిగునది ప్లేయరు కాదు, పురుగు. అది అతని పేరిటనే అతని స్నేహితులకు అట్టి సందేశములనే పంపును. యజమానిచేతనే వెట్టి చేయించుకొనుట దీని గడుసుదనము. క్రొత్త ఖాతా తెఱచునపుడు మనుష్యులు మాత్రమే చదువగల వంకర అక్షరములను చూపి, వానిని పూరింపుమని యడుగుట ఆచారము. పురుగు ఆ అక్షరములను యజమాని తెరపై ప్రదర్శించి, మూడు నిమిషములలో పూరింపనిచో యంత్రము ఆగిపోవునని బెదరించెడిది. పాపము, అతడు పూరించెడివాడు. పురుగునకు మఱియొక దొంగఖాతా లభించెడిది.

2010 నవంబరులో కెనడా పరిశోధకులు ప్రకటించిన నివేదిక ననుసరించి, 2009 జూను మొదలు 2010 జూను వఱకు ఈ పురుగును నడపిన ముఠా 20 లక్షల డాలర్లకు పైగా ఆర్జించినది. ఆ నివేదికలో మఱియొక వింత కలదు. గూగుల్ సంస్థ నిర్వహించు హానికర పుటల పట్టికలో తమ చిరునామాలు చేరినవో లేదో ముఠావారు తామే పరీక్షించుకొనుచుండిరి. కావలివాని పహరా వేళలను దొంగయే వ్రాసిపెట్టుకొన్న చందమిది. పట్టిక యొకటి యున్నంత మాత్రమున రక్షణ కలుగదనుట దీనివలన తేటపడుచున్నది.

ఇట్టి పట్టికలు వైరసు నిరోధక సంస్థలకడ అప్పటికే యుండెను. వారి ప్రోగ్రాములు దేశదేశముల యంత్రములందు కాపుండి, క్రొత్త హాని కనబడినచోట ఆ వార్తను కేంద్రమునకు చేరవేయును. సామాజిక మాధ్యమములకడ నున్న విద్య వేఱు. ఏ లంకెను ఎవరు, ఎందఱకు, ఎంత వేగముగా పంపుచున్నారో వానికి తెలియును. ఈ రెండు విద్యలను ఒకచోట కూర్చుటయే ఒడంబడికల సారము. ట్విట్టర్ 2009 ఆగస్టులో లంకెలను గూగుల్ పట్టికతో పోల్చిచూచుట ఆరంభించెను. కాని ట్వీటునకు 140 అక్షరముల పరిమితి యుండిన ఆ కాలమున, దీర్ఘమైన చిరునామాలను కుదించి యిచ్చు సేవలు విరివిగా వాడుకలో నుండెను. కుదించిన లంకెలో అసలు చిరునామా కనబడదు గనుక, పట్టికకెక్కిన చెడ్డ లంకెయు ముసుగు వేసికొని గడప దాటెడిది. అట్టి సేవలలో పేరుగన్న బిట్‌లీ 2009 నవంబరు చివర వెరిసైన్, వెబ్‌సెన్స్, సోఫోస్ అను మూడు సంస్థల తోడ్పాటు తీసికొని, తాను కుదించిన లంకెలను పరీక్షింప మొదలిడెను. ట్విట్టర్ 2010లో లంకెలను తానే కుదించి, నొక్కినవారిని తన సర్వరు మీదుగా పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను.

ఫేస్‌బుక్ చేసికొన్న ఒడంబడికలు ఇంతకంటె విస్తృతములు. 2010 జనవరిలో మెకాఫీ సంస్థతో కుదిరినది లంకెలను గూర్చినది కాదు. పురుగు పట్టిన యంత్రములను శుభ్రపఱచుటకును, వాడుకరులకు మెకాఫీ ప్రోగ్రామును ఆఱు నెలలు ఉచితముగా నిచ్చుటకును ఉద్దేశింపబడినది. ఏడవ నెలనుండి రుసుము. ఈ ఔదార్యమున వ్యాపారము లేదనరాదు. లంకెల సంగతి 2011లో వచ్చెను. మే నెలలో ఫిన్లండు దేశపు వెబ్ ఆఫ్ ట్రస్ట్ తోడను, అక్టోబరులో వెబ్‌సెన్స్ తోడను ఒప్పందములు జరిగెను. మొదటిది సభ్యులు పుటలకిచ్చు మంచిచెడ్డల అంకెలపై ఆధారపడినది. రెండవది పుటలోని పదార్థమును అప్పటికప్పుడు విశ్లేషించి తీర్పు చెప్పునది. 2012 ఏప్రిలులో మైక్రోసాఫ్ట్, మెకాఫీ, ట్రెండ్ మైక్రో, సోఫోస్, సిమాంటెక్ అను ఐదు సంస్థల నిషిద్ధ చిరునామాల పట్టికలు ఫేస్‌బుక్ పట్టికతో కలిసెను. ఆ సంవత్సరముననే మఱికొన్ని సంస్థలు వచ్చి చేరెను.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసినది పరీక్ష జరుగు వేళ. లంకెను ప్రచురించునపుడే పరీక్షించుట సులభము. ఒక్కమాఱు చూచిన చాలును. కాని మోసగాడు ఉదయమున నిర్దోషమైన పుటను నిలిపి, దాని లంకెను పంచి, పరీక్ష ముగిసిన పిమ్మట సాయంకాలమున అదే చిరునామాలో విషమును పెట్టగలడు. లంకె మాఱలేదు, దాని వెనుక నున్నది మాఱినది. కావున నొక్కునపుడు సైతము పరీక్షింపవలెను. ఫేస్‌బుక్ 2008 నుండి నడపుచున్న ఏర్పాటు ఇట్టిది. పుటలో కనబడు బయటి లంకె నిజమునకు నేరుగా బయటికి పోదు. ముందు ఫేస్‌బుక్ సర్వరును తాకును. అచ్చట ఆ క్షణమునందలి పట్టికలతో పోల్చి, దోషము లేనిచో ముందుకు విడుతురు. ఉన్నచో హెచ్చరిక పుటను చూపుదురు. వెబ్‌సెన్స్ ఒప్పందములో ఆ హెచ్చరికను చూచిన పిమ్మటను ముందుకు పోవు స్వాతంత్ర్యమును వాడుకరికే విడిచిరి. పది దినముల క్రిందట పంచిన లంకెయైనను, నేడు దాని గుట్టు బయటపడినచో, నేడు నొక్కువానికి హెచ్చరిక అందును.

మోసగాండ్రు దీనికిని విరుగుడు కనిపెట్టిరి. పరీక్షించు యంత్రము వచ్చుచున్న చిరునామాను గుర్తుపట్టి దానికి మంచి పుటను, తక్కినవారికి చెడ్డ పుటను చూపుదురు. తనిఖీ అధికారి వచ్చిన దినమున మాత్రము సరియైన తూకపురాళ్లు బయటికి తీసెడి వర్తకుని తీరిది. అందుచేత పరీక్షించువారును మాఱువేషము వేయవలసి వచ్చెను. సామాన్య బ్రౌజరువలె నటించుచు, వేర్వేరు తావులనుండి ఒకే లంకెను తెఱచి, వచ్చిన పుటలను పోల్చి చూతురు. ఒక లంకెనుండి మఱియొక లంకెకు, దానినుండి వేఱొకదానికి మరలించు గొలుసులను తుదివఱకు వెంబడింతురు. ఈ పనియంతయు రెప్పపాటులో ముగియవలెను. ఆలస్యమైనచో వాడుకరి విసుగుకొనును. 2011లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ప్రకటించిన పరిశోధన పత్రము ప్రకారము వారి రక్షణ వ్యవస్థ దినమునకు 2,500 కోట్ల పరీక్షలు చేయుచుండెను. రద్దీ వేళ క్షణమునకు 6,50,000 వఱకు. ఇవి లంకెలకు మాత్రమే చెందినవి కావు, ఆ మాధ్యమమున జరుగు సకల వ్యవహారములకును చెందినవి. అయినను పని పరిమాణమును ఊహించుటకు ఇవి చాలును.

పట్టిక తప్పినచో ఏమగునో 2009 జనవరి 31వ తేదీన లోకమునకు తెలిసెను. గూగుల్ పట్టికను సవరించుచున్నవారు పొరపాటున ఒక ఏటవాలు గీతను ఒంటరిగా నందు చేర్చిరి. ఆ గీత లేని చిరునామా లేదు గనుక, గంటకు కొంచెము తక్కువ కాలము గూగుల్ వెదకి చూపిన ప్రతి పుటయు హానికరమని ముద్ర పడెను. అపకారము స్వల్పమే, తప్పు వెంటనే దిద్దిరి. కాని ఒక చిన్న వర్తకుని పుట అన్యాయముగా పట్టికకెక్కినచో అంత త్వరితముగా పట్టించుకొనువారుండరు. ఒక సంస్థ పట్టికనే పలు మాధ్యమములు వాడుచున్నపుడు, ఒకచోటి తప్పు పలుచోట్ల శిక్షగా పరిణమించును. పొత్తువలన కలిగిన మేలునకు ఇది మఱువైపు.

ఇంతకంటె గంభీరమైన విషయము వేఱొకటి కలదు. ఒకడు నొక్కు ప్రతి లంకెను పరీక్షించువాడు, ఆతడు ఏమేమి చదువుచున్నాడో తెలిసికొనుచున్నవాడే. రోగము, అప్పు, మతము, రాజకీయము, అన్నియు అందు బయటపడును. వెబ్ ఆఫ్ ట్రస్ట్ కథ ఇందుకు తార్కాణము. 2016 నవంబరులో జర్మనీ దేశపు ప్రసార సంస్థ ఎన్‌డీఆర్, ఆ ప్రోగ్రాము తన వాడుకరులు చూచిన పుటల వివరములను సేకరించి అన్యుల కందించెననియు, అందు వ్యక్తులను గుర్తింప వీలయ్యెననియు బయటపెట్టెను. బ్రౌజరు సంస్థలు దానిని తమ అంగళ్లనుండి తొలగించెను. నమ్మకమునకు తూకము వేయుదునని వచ్చినదే నమ్మకమును అమ్ముకొనెను. ఈ చిక్కును తప్పించు ఉపాయము లేకపోలేదు. గూగుల్ సంస్థ తన పట్టికకు ఏర్పఱచిన పద్ధతిలో, చిరునామానుండి గణితక్రియచే వేలిముద్రవంటి సంఖ్య నొకదానిని పుట్టించి, దాని మొదటి తునకను మాత్రము బ్రౌజరులో నుంచిన పట్టికతో పోల్తురు. తునక కలిసినప్పుడే సర్వరు నడుగుదురు; అప్పుడును పూర్తి చిరునామాను పంపరు. ఆ తునకతో మొదలగు సంఖ్యలన్నియు తిరిగి వచ్చును, తుది పోలిక వాడుకరి యంత్రముననే జరుగును.

రాజ్యముల తగవులును ఇందు ప్రవేశించెను. రష్యా దేశపు కాస్పర్‌స్కీ సంస్థ 2015లో ఫేస్‌బుక్ వాడుకరుల యంత్రములను శుభ్రపఱచుటలో పాలుగొనెను. అట్టి సంస్థల సాయమున మూడు నెలలలో 20 లక్షల మందికి పైగా వాడుకరుల యంత్రములు బాగుపడెనని ఆ సంవత్సరము ఫేస్‌బుక్ ప్రకటించెను. 2017 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము తన కార్యాలయములనుండి కాస్పర్‌స్కీ ప్రోగ్రాములను తొలగింపుమని ఆజ్ఞాపించెను. ఆ యేడు ముగియకమునుపే ఫేస్‌బుక్ జాబితానుండియు ఆ పేరు పోయెను.

తెలుగు మాటాడువారు పలు లిపులలో వ్రాయుదురు. యానాములో తెలుగు లిపియే వాడుక. తమిళనాట తరతరములుగా నున్న కుటుంబములలో తెలుగు మాటాడుచు తమిళ లిపిలో వ్రాయువారు కలరు. షోలాపురపు నేతపనివారి యిండ్లలో మరాఠీ బడి చదువు. చిన్నవారు ఎచ్చటనైనను ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుదురు. లంకె పరీక్షకు ఈ భేదములు అడ్డు కావు, ఏలనగా అది చిరునామాను చూచును గాని మాటను చూడదు. ఎరవేయు వాక్యమును పసిగట్టు యంత్రములకు మాత్రము భాష తెలియవలెను. ఇంగ్లీషువంటి భాషలలో వానికి గల నేర్పు కన్నడ లిపిలో వ్రాసిన తెలుగు వాక్యముకడ నుండునని తలపరాదు.

అయితే నేడు బంధువర్గములు, సంఘములు ఎక్కువగా మాటాడుకొనునది వాట్సాప్‌లో. 2016 ఏప్రిలు నుండి అచ్చటి సందేశములు పంపువానికి, అందుకొనువానికి మాత్రమే తెలియు గూఢలిపిలో పోవుచున్నవి. నడుమనున్న సర్వరు లంకెను చూడలేదు. కనుక పైన వర్ణించిన పొత్తులు అచ్చట అదే రూపమున చెల్లవు. 2018లో వాట్సాప్ ఒక చిన్న ఏర్పాటు చేసెను: లంకెలో చూచుటకు మామూలు అక్షరమువలె నుండి వేఱైన అక్షరము దాగియున్నచో, అనుమానాస్పదమని ఫోనే గుర్తు వేయును. ఇది ఫోనులోపలనే జరుగును. వైరసు సంస్థల పట్టికకు ఇందు ప్రమేయము లేదు. ఫలితముగా, రహస్యము దక్కినది, నడుమ కావలి పోయినది. 2024లో పెండ్లి శుభలేఖ పేరిట వాట్సాప్ ద్వారా ఫోను ప్రోగ్రాములను పంపి, తెఱచినవారి ఫోనులను వశపఱచుకొను మోసమును గూర్చి హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరింపవలసి వచ్చెను. శుభలేఖ వచ్చినపుడు తెఱవకుండువా డెవడు?

భారతదేశమున 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము పురుగు పట్టిన యంత్రములను గుర్తించి, వాని యజమానులకు ఉచితముగా శుద్ధి సాధనముల నందించుచున్నది. ఇందును వైరసు నిరోధక సంస్థలతో పొత్తే ఆధారము: పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 ఆ సాధనములనిచ్చిన వానిలో చేరినవి. హానికర పుటలను బ్రౌజరులోనే పసిగట్టుటకు అచ్చట లభించిన బ్రౌజర్ జేఎస్ గార్డ్ అను సాధనమును హైదరాబాదులోని సీడాక్ శాఖ రూపొందించెను.